పిడుదులకు ఏడు రోజుల గడువు

పిడుదుకు ఎనిమిది కాళ్లు. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో ఆరే ఉంటాయి. ఒకసారి కడుపునిండా రక్తం తాగి, చర్మం విడిచాక తక్కిన రెండూ లభిస్తాయి. రక్తం తాగినవారికే పదోన్నతి అనే నియమం సృష్టిలో ఇంకా ఎక్కడెక్కడ అమలులో ఉందో విచారించడం ఈ కథ పరిధిలోకి రాదు. పరిధి దాటడం ఎంతటి సాహసమో ఈ కథ పూర్తయ్యేసరికి పాఠకులకే తెలుస్తుంది.

మా ఊరికి కొద్ది దూరంలో నల్లరాళ్లపల్లె అని ఒక పల్లె. అక్కడ ఓబుళమ్మ అనే ఆమెకు ముప్పై దాకా మేకలున్నాయి. భర్త పోయాక ఆమెకు ఆధారం అవే. మొన్నటి ఎండాకాలం ఒకనాటి ఉదయం ఆమె ఒక మేకపిల్లను కొంగులో చుట్టుకొని పశువుల ఆసుపత్రికి వచ్చింది. నేను అప్పటికే అక్కడి బల్ల మీద ఉన్నాను. పదవీ విరమణ చేసిన జంతుశాస్త్ర అధ్యాపకునికి మా ఊళ్లో అంతకంటె మంచి బల్ల లేదు. మిగతా బల్లల మీద రాజకీయాలు మాట్లాడతారు.

"డాక్టరు పాపా, ఈ చుక్కదాన్ని సూడు. నిన్నట్నించి పాలు తాగల్యా. నిలబెడితే పడిపోతాంది," అంది ఓబుళమ్మ.

నల్లటి పిల్ల. నుదుటి మీద తెల్లటి చుక్క. డాక్టర్ షాహీనా దాని కింది కనురెప్పను బొటనవేలితో తిప్పింది. ఎర్రగా ఉండవలసిన లోపలి పొర సున్నం వేసినట్లు తెల్లగా ఉంది. చెవుల వెనుక, తోక కింద ఆముదపు గింజలు అతికించినట్లు పిడుదులు.

"పోయిన నెలే కదా పెద్దమ్మా మందు పోసినాం?"

"పోసినావు. రాలిపోయినాయి. నీ మందుకే పోయినాయో, నేను దొడ్డి గుమ్మానికి కట్టిన నల్లతాడుకే పోయినాయో తెలీదు. మళ్లీ వచ్చేది మాత్రం ఎవుర్నీ అడక్కుండా వచ్చినాయి."

"నల్లతాడుకు పిడుదులు పోవు ఓబుళమ్మా," అన్నాను.

"మందుకూ పోల్యా కదా అయివారూ."

ఆ మాటలో తార్కికంగా దోషం వెతికాను గాని ఆ సమయానికి దొరకలేదు. అప్పటికే ఆమె మందలో రెండు పిల్లలు చనిపోయాయి.

ఆ సాయంత్రం షాహీనా, నేను దొడ్డి చూడటానికి వెళ్లాం. అది ప్రభుత్వం ఒక పథకం కింద కట్టించి ఇచ్చిన దొడ్డి. నల్లరాళ్లు, మట్టి, పైన రేకులు. షాహీనా తలపిన్ను తీసి ఒక రాతి సందులో గుచ్చి గీకింది. గసగసాలు పోసినట్లు గోధుమరంగు గుడ్లు రాలాయి. పక్క సందులో ఇంకో కుప్ప. పై వరుసలో మరొకటి.

"కాపురం ఇక్కడ సార్. మేక మీదికి వచ్చేది భోజనానికి మాత్రమే," అంది నాతో. ఓబుళమ్మ వైపు తిరిగి, "ఎన్నిసార్లు మందు పోసినా ఇదే కథ పెద్దమ్మా. ఈ సందులన్నీ మంటతో కాల్చి, మందు కలిపిన సున్నంతో పూడ్చాల. అదీ వానలు పడే లోపల. తేమ తగిలితే ఈ గుడ్లన్నీ ఒక్కసారిగా పిల్లలైతాయి. అప్పుడు మీ మేకపిల్లల్ని ఈ గోడ పక్కన పెట్టినారా, ఒక్కటి మిగలదు."

ఓబుళమ్మ వెంటనే కంపలు తేవడానికి కొడవలి అందుకుంది. వాకిలి దాటబోతూ ఆగింది. గోడ మీద నీలంరంగు పలక ఒకటి ఉంది. అందులో పథకం పేరు, దాని కింద పెద్దల పేర్లు, అన్నింటి కింద ఈ వాక్యం: 'ఇది ప్రభుత్వ ఆస్తి. మార్పులు చేయువారు శిక్షార్హులు.'

"పలక ఉండాది కదా పాపా. పోయినేడు మా పక్కింటి చౌడప్ప గేదె పట్టల్యా అని దొడ్డివాకిలి జానెడు పెద్దది చేసుకున్నాడు. ఆఫీసుకు తిరిగీ తిరిగీ చెప్పులరిగినాయి గానీ కేసు అరగల్యా."

షాహీనా ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది. అందుచేత అనుమతి కోరడమే సక్రమమైన మార్గమని ఆమె నమ్మింది. నేనూ నమ్మాను, నాకు ఆ వయసు మినహాయింపు కూడా లేదు. ఆమె పంపిన దరఖాస్తులో విషయం అన్నచోట ఇలా ఉంది: 'ప్రభుత్వ కట్టడమునకు నిప్పు పెట్టుటకు అనుమతి కోరుట గురించి.'

జిల్లా కార్యాలయంలో అంతకు ముందు ఏ దరఖాస్తుకూ అంత త్వరగా స్పందన రాలేదట. నాలుగో నాటికే సమావేశం ఏర్పాటైంది. ఏ సమావేశానికైనా ఒక అనధికార శాస్త్రీయ సభ్యుడు ఉండాలన్న నిబంధన ప్రకారం నన్నూ పిలిచారు.

పశుసంవర్ధక శాఖ సంయుక్త సంచాలకులు కోదండపాణి గారు అధ్యక్షత వహించారు. మర్యాదస్థులు. ఆయన వాక్యం మొదలుపెడితే క్రియాపదం కోసం గదిలో అందరూ ఓపికగా ఎదురుచూసేవారు.

"డాక్టరు గారు ప్రతిపాదించిన దహనక్రియ యొక్క సాధ్యాసాధ్యములను పరిశీలించుటకు పూర్వము, సదరు పిడుదు వాస్తవముగా ఎచ్చట నివసించుచున్నదన్న ప్రాథమికాంశమును మనము నిర్ధారించుకొనవలసియున్నది."

చెప్పమన్నట్లు నా వైపు చూశారు. చెప్పాను. పిడుదు తన జీవితంలో మేక మీద గడిపేది ఏ పదో వంతో ఉంటుందని, తక్కిన కాలమంతా గోడ సందుల్లో, గడ్డిలో, నేల మీద గడుపుతుందని, కనుక మేకకు మాత్రమే మందు పోయడం వల్ల ఫలితం ఉండదని వివరించాను.

కోదండపాణి గారు కళ్లజోడు తీశారు. ఆయన ముఖంలో ఒక వెలుగు కనిపించింది. తరగతి గదిలో పాఠం అర్థమైన విద్యార్థి ముఖంలో అలాంటి వెలుగును కోరుకొని ఎన్నో ఏళ్లు గడిపినవాణ్ణి. అందుచేత సంతోషించాను.

"అనగా తొంభై శాతం కాలము అది మా శాఖ పరిధిలో లేదు."

"మేక మీద లేదన్నాను."

"మా శాఖ అనగా మేకయే కదండీ."

మర్నాటి పత్రికల్లో ప్రకటన వచ్చింది. జిల్లాలో మేకలను పీడిస్తున్న పిడుదుల సమస్యను శాఖ ఒక్క సమావేశంతో తొంభై శాతం తగ్గించిందని, ఇందుకు ఒక్క చుక్క మందైనా వాడలేదని అందులో ఉంది. పొరుగు జిల్లా నుంచి ఆ పద్ధతి వివరాలు పంపవలసిందిగా కోరుతూ లేఖ కూడా వచ్చిందని విన్నాను.

తగ్గిన ఆ తొంభై శాతాన్ని ఎవరో ఒకరు తీసుకోవాలి కదా. రెండో సమావేశానికి ఇతర శాఖలవారిని ఆహ్వానించారు. కొండమీది గడ్డిలో ఉండే పిడుదులు తమవేనని అటవీ రేంజరు ఉదారంగా ఒప్పుకొన్నారు. కాని వెంటనే, అడవిలో పుట్టిన జీవిని కాల్చడం నేరమవుతుందేమో చూసుకోవాలని హెచ్చరించారు. గోడ కట్టించిన ఇంజనీరు గారు ఆలోచనాపరులు.

"గోడ మాదే. కాదనను. కాని పిడుదు ఉన్నది గోడలో కాదు, సందులో. సందు అంటే ఏమిటి? గోడ లేని చోటు. గోడ లేని చోటు మా శాఖది ఎలా అవుతుంది?"

రాతి కట్టడాన్ని గురించి ఇంత లోతైన మాట నేను ఎక్కడా చదవలేదు. సందు గోడ కాదని తేలాక అది ఖాళీ జాగా అయింది. ప్రభుత్వ ఖాళీ జాగా ఎవరిదో చిన్నపిల్లలకైనా తెలుసు. అందరూ తహసీల్దారు దైవాధీనం గారి వైపు చూశారు. ఆయన నిట్టూర్చి కలం మూత తీశారు.

సంయుక్త తనిఖీ ఆ వారంలోనే జరిగింది. అధికారులు దొడ్డి ముందు కుర్చీలు వేయించుకొని కూర్చున్నారు. పిడుదు ఏ క్షణాన ఒక శాఖ నుంచి మరొక శాఖకు బదిలీ అవుతుందో స్వయంగా గమనించాలన్నది ఉద్దేశం. ఓబుళమ్మ ఒక ముసలి మేకను తెచ్చి నిలబెట్టింది. దాని చెవి వెనుక బాగా ఉబ్బి, రాలడానికి సిద్ధంగా ఉన్న పిడుదును షాహీనా చూపించింది.

"మేకను అంటిపెట్టుకొని ఉన్నంతవరకు నాది," అన్నారు కోదండపాణి గారు.

"నేల తాకిన క్షణం నుంచి నాది," అన్నారు దైవాధీనం గారు.

"మరి గాలిలో ఉన్నప్పుడు?" అన్నారు రేంజరు.

ఆ ప్రశ్నను పైకి నివేదించాలని మినిట్స్‌లో రాసుకొని, ఎండ ఎక్కువగా ఉండటంతో టీ తెప్పించారు. కప్పులు కింద పెట్టి చూసేసరికి మేక చెవి వెనుక ఏమీ లేదు.

"పడిపోయింది సామీ. మీరు ఊదుకొని తాగుతాండేటప్పుడు," అంది ఓబుళమ్మ.

"ఎవరి సమక్షంలో పడింది?"

"నా ముందరే."

"ఆమె ఇందులో స్వప్రయోజనం ఉన్న కక్షిదారు. సాక్ష్యం చెల్లదు," అన్నారు దైవాధీనం గారు. నిజానికి ఆయన కఠినుడు కాదు. చాలా కష్టమైన సమస్యకు తేలికైన పరిష్కారం వెతుకుతున్న మనిషి. కొంతసేపు గోడ చుట్టూ తిరిగి వచ్చారు. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం విప్పారింది.

"ఇంత చర్చ అక్కరలేదండీ. ప్రభుత్వ ఖాళీ జాగాలో అనుమతి లేకుండా కాపురం పెట్టేవాళ్లను ఏమంటారు? ఆక్రమణదారులు. వాళ్లకు చట్టంలో దారి ఉంది. నోటీసు, ఏడు రోజుల గడువు, విచారణ, తొలగింపు. ఈ వరుసలో పోతే రేపు ఎవరూ మనల్ని వేలెత్తి చూపలేరు."

"పిడుదులకు నోటీసా సార్?" అంది షాహీనా.

"చట్టం ముందు అందరూ సమానులేనమ్మా. ఎన్ని కాళ్లున్నా."

"గుడ్లకు కూడానా?"

"మైనర్లకు తల్లి ద్వారా అందజేస్తాం."

"తల్లి గుడ్లు పెట్టిన వెంటనే చనిపోతుంది సార్."

దైవాధీనం గారు నిజంగానే బాధపడ్డారు. "పాపం, అనాథలన్నమాట. అయితే గోడకు అంటించడమే మార్గం."

నోటీసు ప్రతి నా దగ్గర లేదు గాని గుర్తున్నంతవరకు దాని సారాంశం ఇది: 'నల్లరాళ్లపల్లె గ్రామ ప్రభుత్వ దొడ్డి గోడ సందులందు అనధికారముగా నివాసముండు పిడుదులకు, వాటి పిల్లలు మరియు గుడ్లతో సహా, ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా సదరు సందులను స్వచ్ఛందముగా ఖాళీ చేయవలెను. అభ్యంతరములున్నచో లిఖితపూర్వకముగా తెలుపుకొనవచ్చును. లేనియెడల చట్టరీత్యా చర్య తీసుకొనబడును.'

తలారి మైదాపిండి ఉడికించి, చిక్కటి గంజితో నోటీసును గోడకు అంటించి వెళ్లాడు. సాయంత్రం మేకలు మేత నుంచి తిరిగి వచ్చాయి.

మేకల స్వభావం తెలిసినవారికి తరువాత జరిగింది చెప్పనక్కరలేదు. సినిమా పోస్టరు అంటించిన ఏ గోడ దగ్గర చూసినా ఒక మేక వెనుక కాళ్ల మీద నిలబడి హీరోను గడ్డం నుంచి పైకి తింటూ కనిపిస్తుంది. మైదా గంజి రుచి మరిగిన మేకకు పోస్టరైనా, ప్రభుత్వ ఉత్తర్వైనా ఒకటే. తెల్లవారేసరికి గోడ మీద ఒక్క మూల, 'మరియు గుడ్లతో సహా' అన్నంత మేర మిగిలింది.

రెండో నోటీసు అంటించారు. అదీ పోయింది. మూడోదాన్ని ఎత్తుగా అంటించారు. ఆ రాత్రి పోతు ఒకటి నీళ్లతొట్టి మీదికెక్కి పని పూర్తిచేసింది. నోటీసు ఏడు రోజులూ గోడ మీద ఉంటేనే అందినట్లు లెక్క. అది పోయినప్పుడల్లా గడువు మళ్లీ మొదటికి వచ్చేది. చివరకు ఓబుళమ్మకు ఒక మెమో వచ్చింది. ప్రభుత్వ నోటీసును ఉద్దేశపూర్వకంగా నాశనం చేసినందుకు ఆమె మేకలపై ఎందుకు చర్య తీసుకోరాదో సంజాయిషీ ఇమ్మని.

ఆ కాగితం పట్టుకొని ఆమె నేరుగా ఆసుపత్రి బల్ల దగ్గరికి వచ్చింది.

"అయివారూ, పిడుదులు నా మేకల్ని తింటే ఎవురూ రాల్యా. నా మేకలు కాయితం తింటే జీపు వచ్చింది. ఇదేం న్యాయమో నువ్వన్నా సెప్పు."

సంజాయిషీ నేనే రాసిపెట్టాను. మేకకు కాగితం జీర్ణించుకోగల నాలుగు గదుల పొట్ట ఉంటుందని, అందులో ఉద్దేశం ఏదీ ఉండదని, శాస్త్రీయ ఆధారాలతో రాశాను. దాన్ని చదివి దైవాధీనం గారు ఒప్పుకొన్నారు. ఉద్దేశం లేదని తేలింది కనుక శిక్ష వద్దన్నారు. స్వభావం మారదని కూడా తేలింది కనుక, నోటీసు గడువు ముగిసేవరకు మేకలు దొడ్డిలో ఉండరాదని ఉత్తర్వు ఇచ్చారు.

ఈ విధంగా ఆక్రమణదారులు లోపల, హక్కుదారులు బయట అయ్యారు. ఇది తమ శాఖకు కొత్త అనుభవం కాదని, కంగారుపడవద్దని దైవాధీనం గారు ఓబుళమ్మను ఓదార్చారు.

ఆమె ఓదార్పు పొందలేదు. ఒకచేత్తో చుక్కదాన్ని చంకనేసుకొని, మరోచేత్తో కట్టె పట్టుకొని, వీధి పొడవునా పిడుదులను, వాటి వెనుక ఉన్నవాళ్లను తరతరాలనూ కలిపి తిడుతూ మందను తోలుకుపోయింది. ఊరి బయట వేరుశనగ రైతు ఒకాయన తన పొలంలో మంద కట్టుకోమన్నాడు. ఎరువు దండిగా పడుతుందని ఆయన ఆశ. ఆమె చుట్టూ కంపకోట వేసుకొంది. నాలుగైదు రోజులకొకసారి కంపను పక్క మడిలోకి జరిపేది. షాహీనా వచ్చి మేకలన్నింటికీ మరోసారి మందు పోసింది.

మూడు వారాల తరువాత వెళ్లి చూశాం. మేకల మీద పిడుదులు మళ్లీ రాలేదు. షాహీనా చుక్కదాని కనురెప్ప తిప్పింది. లోపల లేత గులాబీరంగు. అది ఇంకా తూలుతూనే ఉంది గాని, నాలుగడుగులు నడిచి పడి, తనంతట తనే లేచింది.

"గోడకు దూరంగా ఉన్నాయి కాబట్టి," అన్నాను ఓబుళమ్మతో.

ఆమె కంపకోటకు కట్టిన కొత్త నల్లతాడును చూపించింది. "దీన్ని లెక్కలోకి తీసుకోవా?"

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"నోటీసుకు భయపడి పిడుదులు కుదురుకున్నాయి అంటాన్నాడు ఆ తాసిల్దారు సామి. సంబంధం లేదని ఆయనకు సెప్పినావా?"

"చెప్పలేదు."

"నాకైతే సెప్తావు," అంది ఆమె, నొచ్చుకోకుండానే.

అవతలి కొండ మీద మబ్బులు పట్టడం మొదలైంది. సమస్య తీరలేదు, కాస్త పక్కకు జరిగిందంతే. ఈడ్చి కొట్టే తొలకరి వానలో ఆరుబయట తడిస్తే చిన్న పిల్లలకు ఊపిరితిత్తులు చెడతాయి. చుక్కది ఒక్క రాత్రి కూడా తట్టుకోదు. రేకుల కిందికి తోలితే గోడ ఉంది. వాన రాకముందే గోడ కాల్చాలి. ఓబుళమ్మ దొడ్డి వెనుక కంపమోపులు పేర్చి పెట్టుకొని ప్రతి పొద్దూ ఆకాశం వైపు, ఆ తరువాత రోడ్డు వైపు చూసేది.

మేకలు లేని దొడ్డిలో నోటీసు ఏడు రోజులూ చెక్కుచెదరకుండా ఉంది. అభ్యంతరాలు రాలేదు. విచారణకు ప్రతివాదులు హాజరు కాలేదు. దైవాధీనం గారు మరొక అవకాశం ఇస్తూ వాయిదా వేశారు. ఈలోగా పై అధికారి ఒకరు, ఆక్రమణదారులు గోడ కట్టిన నాటి నుంచీ అక్కడే ఉన్నట్లయితే వాళ్ల స్వాధీనాన్ని క్రమబద్ధీకరించే అవకాశం ఉందేమో పరిశీలించమని రాశారు. అంటే దొడ్డి పిడుదులకు, పొలం మేకలకు. ఆ ప్రతిపాదన మీద అభిప్రాయం చెప్పడానికి ముందు, ఆక్రమణ ఇంకా కొనసాగుతోందా లేదా అన్నది భౌతికంగా నిర్ధారించాలని కోదండపాణి గారు సూచించారు. చివరి విచారణ దొడ్డిలోనే జరపాలని నిర్ణయమైంది.

ఆనాడు మబ్బు కమ్ముకొని ఉక్కగా ఉంది. కుర్చీలు దొడ్డి లోపల, గోడకు ఆనించి వేశారు. షాహీనా వాకిట్లోనే నిలబడింది.

"లోపలికి వద్దు సార్. వారాల తరబడి ఆకలితో ఉన్నాయి. ఊపిరి, ఒంటి వేడి తగిలితే చాలు, బయటికి వస్తాయి."

కోదండపాణి గారు చిరునవ్వు నవ్వారు. "మేకలను ఆశ్రయించు పరాన్నజీవి, గెజిటెడ్ హోదాగల అధికారులను కూడ ఆశ్రయించునన్న వాదనకు ప్రస్తుతము మా శాఖ వద్ద ఎట్టి ఆధారమును లేదమ్మా."

నేను ఏదో చెప్పబోయాను. గతంలో నేను చెప్పిన ఒక్క వాక్యం ఏమైందో గుర్తుకు వచ్చి వాకిట్లో షాహీనా పక్కనే నిలబడ్డాను.

పద్ధతి ప్రకారం తలారి బయటికి వచ్చి, ప్రతివాదులను మూడుసార్లు కేకవేసి పిలిచాడు. "నల్లరాళ్లపల్లె దొడ్డి గోడ సందుల పిడుదులు హాజరు కావాల." లోపల కాగితాలు చదవడం మొదలైంది. నలుగురు పెద్దమనుషులు, నాలుగు ఊపిరులు, ఉక్కపోత. మూడో కాగితం సగంలో ఉండగా రాళ్ల మధ్య నుంచి మొదటిది బయటికి వచ్చింది. దాని వెనుక ఇంకొకటి. తరువాత గోడ కదులుతున్నట్లు కనిపించింది. పిలిచిన వెంటనే ప్రతివాదులందరూ హాజరైన విచారణ మా జిల్లా చరిత్రలో అదే మొదటిది అనుకొంటాను.

కుర్చీ కాళ్ల మీదుగా పాకడం ఎవరూ గమనించలేదు. కాసేపటికి కోదండపాణి గారు పిక్క గోక్కొన్నారు. మళ్లీ గోక్కొన్నారు. ప్యాంటు అంచు పైకి మడిచి చూసుకొన్నారు.

"డాక్టరు గారూ, ఇది..."

"పిడుదు సార్."

"మరి..."

"మేక మీద ఉంటే మన శాఖది సార్. మనిషి మీదిది ఆరోగ్య శాఖ పరిధి. ఆసుపత్రికి లేఖ రాయమంటారా?"

రేంజరు అప్పటికే లేచి కుర్చీ మీద నిలబడ్డారు. ఇంజనీరు గారు గోడ లేని చోటు వైపు పరుగెత్తారు. కోదండపాణి గారు కూడా కుర్చీ ఎక్కారు.

"తీయండి," అన్నారు. "కాల్చండి."

ఆయన వాక్యం క్రియాపదంతో మొదలై, దానితోనే ముగియడం నేను విన్నది ఆ ఒక్కసారే.

షాహీనా పట్టకారుతో పిడుదును తల విరగకుండా జాగ్రత్తగా లాగి, స్పిరిటు ఉన్న చిన్న సీసాలో వేసింది. ఓబుళమ్మ వాకిట్లోంచి తొంగిచూసింది.

"గోడే కదా సామీ కాల్చమనేది?"

"గోడే."

"పలక ఉండాది."

"పలకతో సహా."

ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే అది కూడా పరిశీలనకు పోతుందని గ్రహించినట్లుంది. మోపులు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఆ సాయంత్రం రాతిగోడ సందు సందునా మంట నాలుకలు దూరాయి. లోపల టపటపమని పేలిన చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. అధికారులు జీపులో కూర్చొని, ఒకరి మెడలు ఒకరు పరీక్షించుకొంటూ చూశారు. మూడు రోజుల పాటు మందు కలిపిన సున్నంతో సందులన్నీ పూడ్చారు. గోడ తెల్లగా, ఒక్క పగులు లేకుండా నిలిచింది. మేకలను లోపలికి తోలిన నాడు కూడా వాన ఇంకా కొండ అవతలే ఉంది.

అయితే ఫైలు మిగిలింది. తొలగింపు జరిగింది గాని, నోటీసు అందింది గోడకే తప్ప ప్రతివాదులకు స్వయంగా అందినట్లు రుజువు లేదు. ప్రతివాదులు లేరు. ఒక్కటి తప్ప. దైవాధీనం గారు షాహీనాను ఆ సీసా తెమ్మన్నారు.

మేమందరం దొడ్డి దగ్గర చేరాం. సీసాను సున్నం కొట్టిన గోడలో మోకాలికి కాస్త పైన పొడుచుకొచ్చిన రాయి మీద పెట్టారు. తలారి నోటీసును చిన్నగా మడిచి, గంజి పూసి సీసా చుట్టూ అంటించాడు. సీసా అంచు మీదుగా గంజి కారి గోడ మీద పడింది. పంచనామా రాయడం మొదలైంది.

మిగిలిన పది శాతం కూడా తగ్గిందని, ఈ ఘనత సంయుక్త తనిఖీదని కోదండపాణి గారు చెప్పి రాయించారు. నోటీసు బలం ఇప్పటికైనా తెలిసివచ్చిందన్నారు దైవాధీనం గారు. ఓబుళమ్మ దొడ్డి గుమ్మానికి కొత్త నల్లతాడు బిగించి, ముడి వేశాక నా వైపు ఒకసారి చూసింది. నేను మంటను గురించి, సున్నాన్ని గురించి, మేకలు దూరంగా ఉన్న కాలాన్ని గురించి రెండు మాటలు చెప్పాను. తలారి ఒక్కడే శ్రద్ధగా విన్నాడు. అతడు గంజి ఆరడానికి ఎదురుచూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు చుక్కది వచ్చింది. తల్లిని వదిలి, దైవాధీనం గారి కాళ్ల మధ్యగా దూరి, గోడ దగ్గర ఆగింది. ముక్కు ఎగరేసింది. వెనుక కాళ్ల మీద నిటారుగా లేచి, ముందుకాళ్లు రెండూ తెల్లటి గోడకు ఆనించి నిలబడింది. తూలలేదు. మొదట కారిన గంజి నాకింది. తరువాత నోటీసు అంచు పట్టి నింపాదిగా, సీసా పడకుండా, చుట్టూ ఒలుచుకొని నమలడం మొదలుపెట్టింది.

ఎవరూ అదిలించలేదు. షాహీనా వంగి, నములుతున్న పిల్ల కనురెప్పను వేలితో తిప్పి చూసింది.

"ఎర్రగా ఉంది పెద్దమ్మా," అంది.

ఓబుళమ్మ కొంగుతో ముఖం తుడుచుకొంది. రేకుల మీద మొదటి చినుకు టప్పుమని పడింది. దైవాధీనం గారు చేతిలో కలంతో, నోటీసు ఊడిన సీసా వైపు, చుక్కదాని నిండిన నోటి వైపు మార్చి మార్చి చూశారు. తరువాత పంచనామా కాగితం తడవకుండా ఒళ్లోకి లాక్కొని, నోటీసు అందినది అని రాసి సంతకం చేశారు.

ఎవరికి అన్నచోట ఖాళీగా వదిలిపెట్టారు.